రెండు వేలలో వైరు ఇయర్‌ఫోన్లు: చూ టూనా, జీరో టూనా?

విశాఖ, విజయనగరం కాలేజీల్లో చదివే మా రాయగడ పిల్లలు సెలవులకు వచ్చినప్పుడల్లా ఇదే అడుగుతారు: "అన్నా, రెండు వేలలో వైరువి ఏవి కొనమంటావు?" పోయిన నెల నా పాతవి జాక్ దగ్గర తెగిపోయాయి. దాంతో మూన్‌డ్రాప్ చూ టూ, సెవెన్‌హెర్ట్జ్ జీరో టూ రెండూ తెప్పించి మూడు వారాలు మార్చి మార్చి విన్నాను.

రెండింటిలోనూ ఒక్కో చెవికి 10 మిల్లీమీటర్ల డైనమిక్ డ్రైవర్, అంటే శబ్దం పుట్టించే చిన్న స్పీకరు, ఒక్కటే ఉంటుంది. రెండింటి కేబులూ ఊడి వస్తుంది, పిన్ను సైజూ ఒకటే, 0.78 మిల్లీమీటర్లు. వైరు తెగితే బాగుచేసేవాళ్లు ఇక్కడ దొరకరు కాబట్టి ఈ వీలు లేనిది కొనవద్దనే చెబుతాను. 2022లో వచ్చిన మొదటి చూకి కేబుల్ ఊడదు. చవకగా వస్తోందని అది తీసుకోకండి.

చూ టూ లోహంతో చేసింది, చిన్నది, చేతిలో గట్టిగా అనిపిస్తుంది. జీరో టూ ప్లాస్టిక్, కాస్త పెద్దది, కానీ తేలిక. డిసెంబరు చలిలో పొద్దున్నే లోహం చెవికి తగిలితే ఒళ్లు జలదరిస్తుంది.

తప్పెటగుళ్ల రికార్డింగు పెట్టి చూశాను. చూ టూలో గజ్జెలు విడివిడిగా వినిపిస్తాయి, పాడేవాళ్ల గొంతూ స్పష్టం. గంట దాటాక మాత్రం ఆ పదును నాకు గుచ్చుకుంది. జీరో టూలో ఆ పదును తగ్గి, తప్పెట దెబ్బకు బేస్‌లో, అంటే లోతైన శబ్దంలో, బరువు వస్తుంది. హార్మోనియంతో పద్యాలు ఎంతసేపు విన్నా చెవి అలసిపోలేదు.

అయితే ఇదంతా రబ్బరు టిప్పు చెవిని పూర్తిగా మూసినప్పటి మాట. నా లెక్కలో అసలు విషయం అదే. కొంచెం సందు ఉన్నా బేస్ అంతా బయటికి పోతుంది, ఎంత మంచిదైనా రేకు డబ్బాలా మోగుతుంది. విశాఖ పాసింజరులో కిటికీ పక్కన కూర్చుంటే చక్రాల రొదను తగ్గించేదీ ఆ బిగువే. అది లేకపోతే సౌండు పెంచుకుంటూ పోతాం, చెవులు పాడవుతాయి. పెట్టుకుని దవడ కదిపి చూడండి, బేస్ తగ్గితే సైజు మార్చండి. నాకు ఎడమ చెవికి మీడియం, కుడి చెవికి పెద్దది సరిపోయాయి. రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని లేదు.

వెయ్యి లోపలే కావాలంటే కేజెడ్ ఈడీఎక్స్ ప్రో ఉంది. బేస్ ఎక్కువ, పాడేవాళ్ల గొంతు వెనకబడుతుంది. మీ ఫోనుకు 3.5 జాక్ లేకపోతే ఫోనుకూ ఇయర్‌ఫోనుకూ మధ్య పెట్టే టైప్-సి డాంగిల్ ఖర్చు కూడా కలుపుకోండి.

నేను జీరో టూ ఉంచుకున్నాను. మా చెల్లి చెవులు చిన్నవి, జీరో టూలో చెవిలోకి దూరే గొట్టం ఆమెకు సరిగ్గా దిగలేదు. చూ టూ మాత్రం మొదటిసారే కూర్చుంది, ఇక తిరిగి ఇవ్వలేదు.