బయటి పరిశోధకులా, ఆస్పత్రి లోపలి పరిశోధకులా: ఏది మేలు?

డిశ్చార్జి అయినవాళ్లు నెల తిరక్కుండానే మళ్లీ ఎందుకు చేరుతున్నారు? చేతులు కడుక్కోవాలని తెలిసి కూడా సిబ్బంది ఎందుకు మర్చిపోతున్నారు? ఆరోగ్య సేవల పరిశోధన తేల్చాల్సింది ఇలాంటి ప్రశ్నల్నే. అందుకు రెండు దారులున్నాయి. యూనివర్సిటీవాళ్లు వచ్చి డేటా తీసుకెళ్లి పేపరు రాయడం ఒకటి. పరిశోధకులు ఆస్పత్రి సిబ్బందిలోనే ఉండి, అక్కడి పనిని అక్కడే పరీక్షించి మార్చడం రెండోది.

మొదటి దారితో పెద్ద చిక్కు ఆలస్యం. పరిశోధనలో తేలినది రోజువారీ వైద్యంలోకి రావడానికి సగటున 17 ఏళ్లు పడుతుందని 2000లో వేసిన అంచనాను ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతవరకూ ఎందుకు, పేపరు అచ్చయ్యేసరికే ఆ వార్డులో మనుషులూ సాఫ్ట్‌వేరూ మారిపోతాయి.

లోపలి దారికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ న్యూయార్క్‌లోని ఎన్‌వైయూ లాంగోన్ హెల్త్. అక్కడ మొదటి ఏడాదిలోనే 10 రాండమైజ్డ్ పరీక్షలు (ఎవరు ఏ గుంపులో ఉండాలో చీటీ తీసినట్టు తేల్చేవి) నడిపి, ఫలితాల్ని 2019లో ప్రకటించారు. డిశ్చార్జి తర్వాత నర్సులు చేసే ఫోన్ల వల్ల రోగులు మళ్లీ చేరడం ఏమీ తగ్గలేదని తేలింది. ఏటా చేయించుకునే చెకప్‌కు రమ్మని ఫోన్‌లో చెప్పే మాటల్లో కొన్ని వాక్యాలు మారిస్తే మాత్రం అపాయింట్‌మెంట్లు పెరిగాయి. పనికిరాని పని మీద నర్సుల సమయం ఎంత పోతోందో ఇంత త్వరగా తెలియడం చిన్న విషయం కాదు.

అయితే లోపలివాళ్లకు తమ పని మీద మమకారం ఉంటుంది. న్యూజెర్సీలోని క్యామ్‌డెన్‌లో, పదేపదే ఆస్పత్రిలో చేరే రోగుల వెంట నర్సులు, సోషల్ వర్కర్లు ఉండి సాయపడే కార్యక్రమం నడిచింది. చేరికలు బాగా తగ్గినట్టే కనిపించాయి. నిర్వాహకులే ముందుకొచ్చి, ఎంఐటీ ఆర్థికవేత్తలతో కలిసి 800 మందిని చీటీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకే ఈ సాయం అందించారు. ఫలితం 2020లో వచ్చింది: ఆరు నెలల్లో మళ్లీ చేరినవాళ్లు రెండు గుంపుల్లోనూ దాదాపు 62 శాతమే. జబ్బు బాగా ముదిరినప్పుడు చేర్చుకున్న రోగులకు, ఎవరూ ఏమీ చేయకపోయినా తర్వాత కొంత నెమ్మదిస్తుంది. పోల్చడానికి రెండో గుంపు లేకపోతే ఆ తగ్గుదలంతా కార్యక్రమం ఖాతాలోకే వెళ్లేది. తమ నమ్మకాన్నే పరీక్షకు పెట్టిన ఆ నిర్వాహకులంటే నాకు గౌరవం.

అనుమతుల గొడవ వేరే. అమెరికాలోని మిషిగన్‌లో వందకు పైగా ఐసీయూల్లో, సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి పెట్టే గొట్టం) వేసేటప్పుడు చేతులు కడుక్కోవడంలాంటి ఐదు జాగ్రత్తలు పాటిస్తే రక్తంలో ఇన్ఫెక్షన్లు బాగా తగ్గాయని 2006లో వెల్లడైంది. మరుసటి ఏడాది చివర్లో, ఇది పరిశోధన కిందికొస్తుంది, ఎథిక్స్ కమిటీ సమీక్ష ఉండాల్సిందని, పరిశోధనల్లో పాల్గొనేవాళ్ల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ కార్యాలయం అభ్యంతరం చెప్పింది. 2008 ఫిబ్రవరిలో కొనసాగించుకోవచ్చంది. చేతులు కడుక్కోమనే జాబితాకే ఇంత టెన్షన్ అయితే మామూలు ఆస్పత్రి ఏ ధైర్యంతో మొదలుపెడుతుంది? చిన్న మార్పులకు త్వరగా జవాబిచ్చే కమిటీ కావాలి.

నా ఓటు లోపలి పరిశోధనకే. కానీ పోల్చే గుంపు తప్పనిసరిగా ఉండాలి, లెక్కలు మాత్రం బయటివాళ్లు చూడాలి. సిబ్బంది చాలక ఎలాగూ సగం మంది రోగులకే ఫోన్ చేయగలుగుతున్నారనుకోండి, ఆ సగం ఎవరన్నది చీటీలు తీసి నిర్ణయించండి. అదనంగా ఒక్క ఫోన్ కూడా చేయకుండానే మూడు నెలల్లో జవాబు చేతికి రావడం మొదలవుతుంది.