ఆరేళ్లు దాటాక ఏది మేలు: టీమ్ చూసుకోవడమా, కోడ్ పట్టుకుని ఉండడమా?

మా పిన్ని కొడుకు గచ్చిబౌలిలో ఒక పెద్ద ఐటీ సర్వీసెస్ కంపెనీలో పనిచేస్తున్నాడు. మొన్న ఆదివారం రాత్రి ఫోన్ చేసి, "అన్నా, ఆరేళ్లయింది. టీమ్ లీడ్ ఇస్తామంటున్నారు. తీసుకోనా, ఆర్కిటెక్ట్ వైపు వెళ్లనా?" అని అడిగాడు. ఆర్కిటెక్ట్ అంటే సాఫ్ట్‌వేర్ ఎలా కట్టాలో రూపకల్పన చేసే టెక్నికల్ ఉద్యోగం. రెండు దారుల్లోనూ నడిచినవాణ్ని కాబట్టి గంటసేపు మాట్లాడాను.

మేనేజర్ అంటే హోదా ఉంటుంది, ఇంట్లోవాళ్లు నలుగురికీ గొప్పగా చెప్పుకుంటారు. రోజువారీ పని మాత్రం వేరు. ఎవరి టైమ్‌షీట్ పడలేదు, ఎవరు సెలవులో ఉన్నారు, వచ్చే నెల ఎవరి బిల్లింగ్ (వాళ్ల పనికి క్లయింట్ కట్టే డబ్బు) ఆగిపోతుంది... ఎక్సెల్ షీట్‌తోనే తెల్లారుతుంది. అన్నిటికంటే కష్టం అప్రైజల్, అంటే ఏడాది పనికి రేటింగ్ ఇవ్వడం. ఒక ఏడాది నా టీమ్‌లో ఎనిమిది మందీ బాగా పనిచేశారు. అయినా ఒకరికి తక్కువ రేటింగ్ ఇచ్చి తీరాలన్నారు పైవాళ్లు. ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని "నా పనిలో ఏం తప్పుంది సర్?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. టీమ్ కోసం పైవాళ్లతో గట్టిగా మాట్లాడే ధైర్యం ఉంటేనే ఈ దారి పట్టాలి.

టెక్నికల్ దారిలో ప్రమోషన్లు ఆలస్యం. రిలీజ్ రోజు అర్ధరాత్రి రెండింటికి బ్యాచ్ జాబ్ (దానంతటదే నడిచే ప్రోగ్రామ్) ఆగిపోతే లాగ్‌లన్నీ, అంటే సిస్టమ్ రాసుకున్న రికార్డులన్నీ తిరగేయాలి. చివరికి తేదీ ఫార్మాట్ ఒక్కచోట తేడాగా ఉందని దొరికినప్పుడు కలిగే తృప్తి మాత్రం నాకు ఏ ప్రమోషన్‌లోనూ దొరకలేదు.

మరి కంపెనీ ఎందుకు టీమ్ వైపే నెడుతుంది? సర్వీసెస్ వ్యాపారం మనుషుల పనిగంటల మీద నడుస్తుంది. ఒక సీనియర్ కింద నలుగురు ఫ్రెషర్లుంటే లాభం ఎక్కువ. దీన్నే పిరమిడ్ అంటారు. ఆ లెక్క కంపెనీది, మన కెరీర్ లెక్క మనమే వేసుకోవాలి.

2025 జూన్‌లో టీసీఎస్ తన ఉద్యోగులు ఏడాదికి కనీసం 225 రోజులు బిల్లింగ్‌లో ఉండాలని, బెంచ్ (ప్రాజెక్ట్ లేకుండా ఖాళీగా ఉండే కాలం) 35 పనిదినాలు దాటకూడదని నియమం పెట్టింది. మరుసటి నెలలోనే దాదాపు 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించింది. అందులో ఎక్కువమంది మధ్య, పై స్థాయుల వాళ్లే. ప్రాజెక్ట్ అయిపోయి బెంచ్ మీదకొస్తే మొదట అడిగేది "మీ స్కిల్ ఏంటి?" అనే. అప్పుడు "టీమ్‌ని చూసుకున్నాను" అంటే సరిపోదు. హైదరాబాద్‌లో విదేశీ బ్యాంకులు, ఫార్మా కంపెనీలు పెట్టుకున్న సొంత సెంటర్లకు మారాలన్నా చేతిలో పనితనం ఉండాలి.

ఆన్‌సైట్ (విదేశంలో క్లయింట్ దగ్గర పనిచేసే అవకాశం) ఆశతో మాత్రం ఏ దారీ ఎంచుకోవద్దన్నాను. 2025 సెప్టెంబర్‌లో అమెరికా కొత్త హెచ్‌1బీ (అక్కడ ఉద్యోగం చేయడానికిచ్చే వీసా) దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించాక ఆ లెక్కలన్నీ మారిపోయాయి.

కనీసం పదేళ్లవరకు కోడ్ వదలకపోవడమే మేలని నా నమ్మకం. లీడ్ పదవి వస్తే తీసుకోవచ్చు, కానీ ఒక కష్టమైన మాడ్యూల్ మన చేతిలోనే ఉంచుకోవాలి. మావాడు కాసేపు ఆలోచించి, "పేమెంట్స్ మాడ్యూల్ నా దగ్గరే ఉంచితేనే లీడ్ తీసుకుంటానని రేపు మేనేజర్‌కి చెప్తానన్నా" అన్నాడు.