జీఆర్86కి వేయించిన మిచెలిన్ టైర్లు: 21 వేల మైళ్ల తర్వాత

2024 మే నెలాఖరున ఒక సాయంత్రం ప్లేనోలో ఆఫీసు ముగించుకుని ఇర్వింగ్‌కి వస్తుంటే జార్జ్ బుష్ టర్న్‌పైక్ మీద వాన అందుకుంది. డాలస్ వాన సంగతి ఇక్కడ ఉంటున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. తుంపర అనుకునేలోపే ముందు కారు లైట్లు కనపడకుండా పోతాయి. అందరిలాగే నేనూ 55కి దిగాను. ఎడమ లేన్‌లో నీళ్లు నిలిచిన చోట, చేతిలో స్టీరింగ్ ఒక్కసారిగా దూదిపింజలా అయిపోయింది. సెకనున్నర ఉంటుందేమో. బ్రేకు తొక్కకుండా, స్టీరింగ్ తిప్పకుండా, యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీసి ఊపిరి బిగబట్టాను. టైర్లు మళ్లీ కాంక్రీటును అందుకున్నాక గానీ వెనకవాడు కొడుతున్న హారన్ నా చెవికి ఎక్కలేదు.

ఇంటికొచ్చి పార్కింగ్‌లోనే క్వార్టర్ నాణెం తీసి టైరు గాడిలో పెట్టి చూశాను. వాషింగ్టన్ తల పైభాగం గాడి లోపలికి దిగితే ఇంకా 4/32 అంగుళం బటన్ (గాడుల లోతు) ఉన్నట్టు. ముందు టైర్లలో అంచు వరకు దిగింది. వెనక టైర్లలో ఆయన జుట్టంతా బయటే ఉంది. చట్టం ప్రకారం 2/32 దాకా నడుపుకోవచ్చు. కానీ ఆ నంబరు వాన కోసం పెట్టింది కాదని ఆ సాయంత్రం నాకు బాగా తెలిసొచ్చింది. నీళ్లను పక్కకు తోసేది ఆ గాడులే. అవి పూడిపోయాక ఎంత ఖరీదు టైరైనా నీళ్ల మీద తెప్పే.

నాది 2022 ఆగస్టులో కొన్న టయోటా జీఆర్86, ప్రీమియం ట్రిమ్, మాన్యువల్ గేరు. 2.4 లీటర్ల బాక్సర్ ఇంజన్, 228 హార్స్‌పవర్, రియర్ వీల్ డ్రైవ్. ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి మిచెలిన్ పైలట్ స్పోర్ట్ 4, సైజు 215/40 ఆర్18 (వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 40 శాతం, చక్రం 18 అంగుళాలు). దాదాపు 21 వేల మైళ్లు వచ్చాయి. రెండో సెట్ కూడా ఇప్పుడు సరిగ్గా అంతే తిరిగింది కాబట్టి రెంటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడే హక్కు నాకుందనుకుంటున్నాను.

కొనేముందు రెండు వారాలు నిద్ర లేకుండా చదివాను. మా ఆవిడైతే "ఇల్లు కొన్నప్పుడు కూడా ఇంత చదవలేదు మీరు" అంది. చివరికి మూడు దారులు మిగిలాయి. మొదటిది ఆల్ సీజన్: పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4. దాని ట్రెడ్‌వేర్ అంకె (ఎంత ఎక్కువైతే టైరు అంత నెమ్మదిగా అరుగుతుందని లెక్క) 540, కంపెనీ 45 వేల మైళ్ల వారంటీ ఇస్తుంది. రెండోది సమ్మర్ టైరు: పైలట్ స్పోర్ట్ 4ఎస్ (పీఎస్4ఎస్) గానీ, కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్ కాంటాక్ట్ స్పోర్ట్ 02 గానీ. వీటి అంకెలు 300, 340. మూడోది 200 ట్రెడ్‌వేర్ టైర్లు. ట్రాక్‌కి వెళ్లేవాళ్లు వాడేవి ఇవే. అవి వేసుకుని రోజూ ఆఫీసుకి వెళ్లడమంటే పట్టుచీర కట్టుకుని గిన్నెలు తోముకోవడమే. ఆ దారి వెంటనే కొట్టేశాను. ఈ అంకెల గురించి ఒక మాట. ప్రతి కంపెనీ తన టైర్లకి తనే అంకె వేసుకుంటుంది. ఒకే కంపెనీ టైర్లలో 300కీ 540కీ తేడా నమ్మొచ్చు. ఒకరి 300నీ ఇంకొకరి 340నీ పోల్చుకుని నిర్ణయం తీసుకోవడం అనవసరం.

డాలస్ లాంటి ఊరికి ఆల్ సీజన్ చాలని చాలామంది చెప్పారు. తెలివైన సలహా అదే, ఇప్పటికీ కాదనను. కానీ మాకు ఇంకో కారు ఉంది, మంచు పడితే అది తీస్తాం. ఈ కారు కొన్నదే మలుపుల కోసం. అందుకని సమ్మర్ టైర్లే అనుకున్నాను.

అక్కడి నుంచి నేను తప్పటడుగు వేశాను. పీఎస్4ఎస్ నా సైజులో షాపులో దొరకలేదు. 225/40 ఉంది. "ఒక సైజు వెడల్పు, పట్టు ఎక్కువ, అందరూ ఇదే వేసుకుంటున్నారు" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. లెక్క వేసుకున్నాను: టైరు ఎత్తు 629 మిల్లీమీటర్ల నుంచి 637కి పెరుగుతుంది, అంటే ఒకటింబావు శాతం. స్పీడోమీటర్‌కి పెద్ద తేడా రాదు. నా చక్రం వెడల్పు ఏడున్నర అంగుళాలు. 225 టైరుకి అది కనీస హద్దు. పడుతుంది, కానీ అంచు మీద. ఆ "అంచు మీద" అన్న మాట దగ్గర ఆగాల్సింది. ఆగలేదు. బిగింపు, బ్యాలెన్సింగ్, పన్నులు కలిపి 1,050 డాలర్లు అయింది. విజయవాడకి ఫోన్ చేసి చెబితే నాన్న "88 వేలా? రబ్బరుకా?" అని కాసేపు ఏమీ మాట్లాడలేదు.

బిగింపు కథ ఇంకోటి. షాపు పేరు చెప్పను, అలాంటివి ఏ షాపులోనైనా జరుగుతాయి. ఇంటికొచ్చాక రాత్రి పదింటికి, కొత్త బొమ్మను చూసుకున్నట్టు, ఫోన్ టార్చి వేసుకుని నాలుగు చక్రాలూ చూస్తున్నాను. టైరు పుట్టిన వారం కోసం డాట్ నంబరు చూద్దామని. చివరి నాలుగంకెలు 2423, అంటే 2023లో 24వ వారం. ఏడాది పాతవి, పర్వాలేదు. వెనక కుడి చక్రం దగ్గరికి వచ్చేసరికి ఏదో తేడా కొట్టింది. మిగతా మూడు టైర్ల మీద పేరు పక్కనే చిన్న అక్షరాలతో 'ఔట్‌సైడ్' అని ఉంది. దీని మీద 'ఇన్‌సైడ్' అని ఉంది. టైరు తిరగేసి ఎక్కించారు! ఇది ఊరికే అందం విషయం కాదు. ఈ టైరు రెండు రకాల రబ్బరుతో చేస్తారు. బయటి భుజం వైపు మలుపుల్లో బరువు మోసే రబ్బరు, లోపలి వైపు తడి రోడ్డు కోసం సిలికా ఎక్కువ కలిపిన రబ్బరు. గాడుల అమరిక కూడా దాన్నిబట్టే. పొద్దున్నే వెళితే సారీ చెప్పి ఇరవై నిమిషాల్లో సరిచేశారు. నేను చూసుకోకపోతే ఎన్నాళ్లు అలా తిరిగేవాణ్నో.

మొదటి ఐదు వందల మైళ్లు నాకేమీ నచ్చలేదు. కొత్త టైరు మీద అచ్చు నుంచి ఊడి రావడానికి పూసే జారుడు పదార్థం పోవాలి, బటన్లు కాస్త అరిగి గట్టిపడాలి. ఆ తర్వాత వాన పడింది. అదే టర్న్‌పైక్, అదే ఎడమ లేన్. ఈసారి స్టీరింగ్‌లో నీటిగుంట తగిలినట్టు తెలిసింది, అంతే. వానలో ఈ టైరు మీద నాకు ఒక్క ఫిర్యాదు లేదు. రెండు వేసవులు, ఒక వసంతం ఉరుముల వానలు చూసింది. ఇప్పుడు 4/32 దగ్గర ఉంది, అయినా పాతవి ఆ స్థాయిలో పెట్టినంత భయం పెట్టడం లేదు.

చలి మాత్రం వేరే కథ. 45 ఫారెన్‌హీట్, అంటే 7 సెల్సియస్ దిగితే సమ్మర్ టైరు రబ్బరు బిర్రబిగుస్తుంది. ఇది చదివి తెలుసుకోవడం వేరు, నడుపుతూ తెలుసుకోవడం వేరు. జనవరిలో ఒక పొద్దున 34 డిగ్రీలు. హైవే కింద నుంచి తిరిగే టెక్సాస్ యూటర్న్ ఉంటుంది కదా, అక్కడ రోజూ తిరిగే వేగంతోనే, రెండో గేరులో, రోజూ ఇచ్చేంత గ్యాసే ఇచ్చాను. కారు వెనకభాగం మెల్లగా, ఏమీ తొందర లేనట్టు, పక్క లేన్ వైపు నడిచింది. కంప్యూటర్ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. పొడి రోడ్డే. మంచు లేదు, తడి లేదు. పావుగంట నడిపాక టైర్లు వేడెక్కి దారికొచ్చాయి. 2025 జనవరిలో మంచు పడ్డప్పుడు కారు మూడు రోజులు గ్యారేజ్‌లోంచి కదల్లేదు. ఒకే కారు ఉన్నవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి.

నవంబరులో అమ్మానాన్న వచ్చారు. నాన్నకి పాతికేళ్లు లారీ ఉండేది, ఆటోనగర్లో సగం జీవితం గడిచింది. వచ్చిన మర్నాడే టీ గ్లాసు పట్టుకుని గ్యారేజ్‌లోకి వెళ్లి వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నారు. అరచేయి టైరు మీద పెట్టి అటు ఒకసారి, ఇటు ఒకసారి రుద్దారు.

"ఒరేయ్, ఇలా రా. చెయ్యి పెట్టు. లోపలికి రుద్దితే నున్నగా లేదూ? బయటికి రుద్దు. గరుగ్గా తగులుతోందా?"

"అవును నాన్నా."

"ఇది అరుగుడు కాదు, చెక్కుడు. చక్రం తిన్నగా పోవట్లేదు. ఎక్కడో గుంటలో దింపావు."

దింపాను. సెప్టెంబరులో, లూప్ 12 మీద. అలైన్‌మెంట్ మెషిన్ మీద పెడితే వెనక కుడి టో (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) హద్దు దాటి ఉంది. అప్పటికి కొత్త టైర్లు ఆరు వేల మైళ్లే తిరిగాయి. ఆయన చెయ్యి పెట్టకపోతే ఆ టైరు ఏడాది కూడా వచ్చేది కాదు. అప్పటి నుంచి గాలి చూసుకునే రోజు అరచేయి కూడా పెడుతున్నాను. 2025 జనవరి నుంచి టెక్సాస్‌లో సొంత కార్లకి ఏటేటా సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ కూడా తీసేశారు కాబట్టి టైరు అరిగిందని చెప్పే నాథుడు ఇక లేడు.

గాలి విషయం రెండు ముక్కల్లో: తలుపు దగ్గర స్టిక్కరు 35 పీఎస్ఐ అంటుంది, పొద్దున చల్లగా ఉన్నప్పుడు అంతే పెడతాను. వాతావరణం పది డిగ్రీల ఫారెన్‌హీట్ మారితే సుమారు ఒక పీఎస్ఐ మారుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం 41 చూపించిందని గాలి తీసేయకండి. మర్నాడు పొద్దుటికి తక్కువైపోతుంది.

ఇక ట్రాక్. జీఆర్86 కొంటే టయోటా ఏడాది పాటు నాసా సభ్యత్వం, ఒక ట్రాక్ డే ఉచితంగా ఇచ్చింది. నాసా అంటే నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్. అమ్మ మాత్రం "మావాడు నాసాలో మెంబరు" అని వీధి వీధంతా చెప్పింది, నేను సరిదిద్దలేదు. 2023లో క్రెసన్‌లోని మోటర్‌స్పోర్ట్ రాంచ్‌లో పాత టైర్లతో ఒకసారి, 2025 ఏప్రిల్‌లో సొంత డబ్బుతో కొత్తవాటితో ఇంకోసారి వెళ్లాను. 4ఎస్ పట్టు నిజంగానే ఎక్కువ. బ్రేకు ఇంకా ఆలస్యంగా తొక్కొచ్చు. కానీ ఇరవై నిమిషాల సెషన్‌లో పన్నెండో నిమిషం దాటాక వేడెక్కి నూనె రాసినట్టు జారడం మొదలైంది. ముందు టైర్ల బయటి భుజాలు ఆ ఒక్క రోజులో కళ్లముందే గుండ్రంగా అరిగిపోయాయి. ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో ముందు చక్రాలకి క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలి ఉండే కోణం) దాదాపు లేకపోవడమే కారణం. ట్రాక్‌కి తరచుగా వెళ్లే ఉద్దేశం ఉంటే టైర్ల కన్నా ముందు క్యాంబర్ బోల్టులకి ఖర్చు పెట్టండి.

అయితే ఆ రోజు ఇంటికి వస్తూ నాకు అంతుపట్టని ఒక వెలితి ఉంది. వేగంగా తిరిగాను, మరి సరదా ఎందుకు తగ్గింది? తర్వాత ఒక ఆదివారం సుబారు బీఆర్‌జెడ్ (నా కారుకి కవల లాంటిది) ఉన్న స్నేహితుడితో కార్లు మార్చుకుని గ్రేప్‌వైన్ చెరువు చుట్టూ తిరిగినప్పుడు అర్థమైంది. అతనిది 215/40 సైజులో కాంటినెంటల్ స్పోర్ట్ 02. స్టీరింగ్ వేలెడు తిప్పితే ముక్కు వెంటనే తిరిగింది. నా కారులో అదే కదలికకి ముందు టైరు పక్కగోడ కాస్త వంగుతుంది, ఆ తర్వాత కారు తిరుగుతుంది. రెప్పపాటు ఆలస్యం. వెడల్పు టైరుని ఇరుకు చక్రం మీద కూర్చోబెట్టిన ఫలితం అది. పైగా పట్టు మరీ ఎక్కువైతే ఈ కారు వెనకభాగంతో చేసే చిలిపితనం ఎక్కడో వంద దాటాక గానీ బయటికి రాదు, అంత వేగం రోడ్డు మీద ఎవరికి కావాలి? మొదటి తరం 86కి టయోటా కావాలనే ప్రియస్‌లో వాడే రకం ప్రైమసీ టైర్లు వేసిందని అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. ఇప్పుడు నవ్వను.

మంచి టైరే, తప్పుడు సైజు. పీఎస్4ఎస్ మీద నా తీర్పు అంతే. 225కి తగ్గట్టు ఎనిమిది, ఎనిమిదిన్నర అంగుళాల చక్రాలు ఉన్నవాళ్లకి కళ్లు మూసుకుని చెబుతాను. ఫ్యాక్టరీ చక్రాలతో ఉన్నవాళ్లు ఫ్యాక్టరీ సైజులోనే వెతుక్కోండి.

రోడ్డు హోరు గురించి అడుగుతారు కాబట్టి: డాలస్ టోల్‌వేల కాంక్రీటు మీద కొత్తలో కూడా హోరే, ఇప్పుడు ఇంకొంచెం ఎక్కువ. పాట సౌండు పెంచుకోవాల్సిందే. ఆగస్టులో ఎడమ వెనక టైరు భుజం దగ్గర మేకు దిగింది. అక్కడ ప్యాచ్ వేయకూడదు, ఈ కారులో స్టెప్నీ ఉండదు, సీలెంట్ డబ్బా ఒకటి ఇస్తారు. రోడ్ హజార్డ్ ప్లాన్ (గుంటలు, మేకుల వల్ల టైరు పాడైతే డబ్బిచ్చే బీమా లాంటిది) తీసుకోవడం వల్ల టైరు డబ్బు దక్కింది. కానీ వెనక లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (రెండు చక్రాలూ మరీ వేరువేరు వేగాలతో తిరగకుండా చూసే గేరు) ఉంది, ఒక పక్క కొత్త టైరు, ఇంకో పక్క సగం అరిగింది పెట్టుకోవడం మంచిది కాదని రెండూ మార్చాను. అందుకే పైన చెప్పిన 4/32 ముందు టైర్ల లెక్క, ఆగస్టు దాకా వెనక ఉన్నవాటి లెక్క కూడా.

వెనక రెండూ ఇంకా కొత్తగానే ఉన్నాయి, అమ్మకానికి పెట్టాను. నాలుగూ మారుస్తున్నాను. ఈసారి 215/40 కాంటినెంటల్. శనివారం పొద్దున ఎనిమిదింటికి అపాయింట్‌మెంట్. కారు షాపులోంచి బయటికి తెచ్చే ముందే నాలుగు టైర్ల మీదా 'ఔట్‌సైడ్' ఎటుందో చూసుకుంటాను, టార్చి కారులోనే పెట్టుకున్నాను.