మధ్య పుస్తకంతో మొదలుపెట్టాను

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. మా వైపు నుంచి వెళ్లి అక్కడే ఉండిపోయినవాళ్లు బోలెడుమంది. అలా నాకు బెంగాలీ అబ్బింది. పెళ్లయి విజయనగరం వచ్చాక అక్షరాలు మరిచిపోతానేమోనని, కన్నవారింటికి వెళ్లినప్పుడు గోల్‌బజార్‌లో పాత పుస్తకాల కుప్పలోంచి ఒకటి తెచ్చుకున్నాను. అట్ట ఊడిపోయింది. లోపల ‘సుబర్ణలత’ అని ఉంది. బెంగాలీ రచయిత్రి ఆశాపూర్ణాదేవి ఒకే కుటుంబం మీద వరసగా రాసిన మూడు నవలల్లో అది రెండోదని (1967) అప్పటికి నాకు తెలీదు.

సాయంత్రాలు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఆ కథ మా అత్తయ్యగారికి చెప్పేదాన్ని. కొత్త ఇంటికి వీధివైపు వరండా పెట్టిస్తానని సుబర్ణకి మొగుడు మాటిస్తాడు. గృహప్రవేశం నాడు ఆ పిల్ల ఇల్లంతా వెతుక్కుంటుంది. వరండా ఉండదు. అత్తయ్యగారికి మొగుడి మీద కన్నా సుబర్ణ తల్లి మీదే ఎక్కువ కోపం వచ్చింది. “పిల్లని వదిలేసి కాశీ పోవడమేటి? అదేం తల్లమ్మా!” అనేవారు. నిజం చెప్పాలంటే నాదీ అదే మాట.

తరవాత చేతికొచ్చింది మూడోది, ‘బకుల్ కథ’ (1974). ఇది నా పొరపాటు. సుబర్ణ కూతురు బకుల్ రచయిత్రి అయ్యాక సాగే కథ అది. పాత మనుషుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎవరు ఎవరో తెలీక క్యాలెండర్ కాగితం వెనక వంశవృక్షం గీసుకున్నాను. సగంలో విసుగొచ్చి పక్కన పెట్టేశాను.

మొదటిది, ‘ప్రథమ ప్రతిశ్రుతి’ (1964), మూడేళ్లకి గానీ దొరకలేదు. ఇక్కడ కథ చెప్పేస్తున్నాను, వద్దనుకునేవాళ్లు ఆగండి. ఎనిమిదేళ్లకే పెళ్లయిన సత్యవతి తన కూతుర్ని చదివించుకోవాలనుకుంటుంది. తొమ్మిదేళ్ల సుబర్ణకి సత్యవతి అత్తగారు ఆమెకి తెలీకుండా పెళ్లి చేసేస్తుంది. అది చూసి సత్యవతి ఇంట్లో అడుగు కూడా పెట్టకుండా బండి వెనక్కి తిప్పించి కాశీ వెళ్లిపోతుంది. అది చదివి వినిపించాక అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. “నన్నూ ఎవరూ అడగలేదమ్మా” అన్నారు చివరికి. ‘కన్యాశుల్కం’ 1892లో మొదట ఆడిన ఊరు మాది. గురజాడ వారి ఇంటి మీదుగానే బజారుకి వెళ్తాను. అయినా ఆవిడకి ఎన్నో ఏట పెళ్లయిందో అప్పటిదాకా నేను అడగలేదు.

తరవాత రెండుసార్లు వరసలోనే చదివాను. అలా చదివితే పేర్ల తికమక ఉండదు, చదువు సాఫీగా సాగుతుంది. కానీ సత్యవతి మీద ముందు కోపం తెచ్చుకుని తరవాత సిగ్గుపడడం అనేది ఉండదు. జ్ఞానపీఠ్ వచ్చింది మొదటి దానికే, కానీ నా ఓటు సుబర్ణలతకే. ఆమె రాసుకున్నది తప్పుల తడకగా అచ్చయితే, కన్నకొడుకులే నవ్వితే, ప్రతులన్నీ తగలబెట్టేస్తుంది. ఆ పేజీలు ఇప్పటికీ ఏకబిగిన చదవలేను.

ఎవరైనా అడిగితే రెండు, ఒకటి, మూడు అని చెబుతున్నాను. సత్యవతి కథ బకుల్ నోటుపుస్తకంలోంచి తీసుకున్నదని రచయిత్రి మొదట్లోనే అంటుంది కదా, ఆవిడా మనవరాలి దగ్గర్నుంచే వెనక్కి వెళ్లింది. బెంగాలీ రానివాళ్లకి హిందీ అనువాదాలున్నాయి. ‘బకుల్ కథ’ మాత్రం ఆఖరికే ఉంచండి. క్యాలెండర్ కాగితం ఒకటి దగ్గర పెట్టుకోండి.