కొత్త నగరానికి మారినవాళ్లకు గూగుల్ మ్యాప్స్ ఎంతవరకు పనికొస్తుంది?

కొత్త నగరంలో మొదటి నెల ఒక్క యాప్ మీదే ఆధారపడాలంటే మా ఓటు గూగుల్ మ్యాప్స్‌కే. కాకపోతే చాలామంది దాన్ని దారి కోసమే వాడి వదిలేస్తారు. అసలు విలువంతా సమయం మార్చి చూడడంలో ఉంది. ఇల్లు ఖాయం చేసుకునే ముందే అక్కడి నుంచి ఆఫీసుకు దారి తెరిచి, మూడు చుక్కల మెనూలో చేరాల్సిన సమయం సోమవారం ఉదయం 9 అని పెట్టండి. రాత్రి పూట 20 నిమిషాలు చూపిన దారే అప్పుడు 35 నుంచి 70 అనొచ్చు. పెద్ద అంకెనే లెక్కలోకి తీసుకోండి. సాయంత్రం తిరుగు దారిని విడిగా చూడాలి, రద్దీ రెండు వైపులా ఒకేలా ఉండదు.

ఆఫ్‌లైన్ మ్యాప్‌ను బయలుదేరకముందే వైఫైలో దించుకోండి: ప్రొఫైల్ బొమ్మ నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లోకి వెళ్లి, ప్రాంతం ఎంచుకుంటే చాలు. అయితే నెట్ లేనప్పుడు కారు దారి మాత్రమే వస్తుంది. నడక, బస్సు, రైలు దారులు రావు, ట్రాఫిక్ కనబడదు. సొంత బండి లేనివాళ్లకు ఇది పెద్ద లోటే.

ఎత్తయిన భవనాల మధ్య మీరున్న చోటును చూపే నీలి చుక్క పక్క వీధిలోకి జరిగిపోతుంది. ఉపగ్రహ సంకేతాలు గోడలకు తగిలి ఆలస్యంగా అందడమే కారణం. ఆ చుక్కను నొక్కి, క్యాలిబ్రేట్ ఎంచుకుని, కెమెరాను ఎదురుగా ఉన్న భవనాల వైపు తిప్పండి. స్ట్రీట్ వ్యూ (గూగుల్ తీసిన వీధి ఫొటోలు) ఉన్న వీధుల్లో చాలావరకు సర్దుకుంటుంది.

దుకాణాల పనివేళలు మాత్రం ఫోన్ చేసి కనుక్కున్నాకే నమ్మండి.