మానసిక చికిత్సల పీజీ చదువు: అదే వృత్తిలో ఏళ్లు గడిచాక ఒక సమీక్ష

అనువర్తిత మనస్తత్వ శాస్త్రం, మానసిక చికిత్సలు ప్రధానాంశాలుగా పీజీ పూర్తిచేసి, అప్పటి నుంచి ఇదే వృత్తిలో కొనసాగుతున్నాను. ఒక కోర్సు గురించి చదువుతున్న రోజుల్లో చెప్పే మాటకూ, ఆ చదువుతో ఏళ్ల తరబడి పనిచేసిన తరువాత చెప్పే మాటకూ చాలా తేడా ఉంటుంది. తరగతిలో ఎంతగానో ఆకట్టుకున్న పాఠాలు కొన్ని క్లయింటు (చికిత్స కోసం వచ్చే వ్యక్తి) ఎదుట కూర్చున్నప్పుడు అక్కరకు రాలేదు. పరీక్ష కోసమే చదివిన అధ్యాయాలు కొన్ని ఇప్పటికీ ప్రతి వారమూ పనికొస్తున్నాయి. ఇందులో చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి ఆ తేడాను వీలైనంత వివరంగా చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

ఈ చదువు స్థూలంగా రెండు పాయలుగా సాగుతుంది. మొదటిది మనస్తత్వ శాస్త్రాన్ని ఆస్పత్రి, బడి, కార్యాలయం వంటి చోట్ల ఎదురయ్యే సమస్యలకు అన్వయించడం. పరిశోధన పద్ధతులు, గణాంకాలు, మానసిక పరీక్షల నిర్మాణం, రుగ్మతల వర్గీకరణ ఇందులోకి వస్తాయి. రెండోది చికిత్స. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల, ప్రవర్తన తీరును మార్చుకునేలా చేసే చికిత్స), వ్యక్తి కేంద్రక చికిత్స (తీర్పు చెప్పకుండా, సానుభూతితో వినడంపై ఆధారపడేది), మనోవిశ్లేషణ నుంచి పుట్టిన పద్ధతులు, కుటుంబ చికిత్స, వీటితోపాటు సూపర్‌వైజర్ (అనుభవం ఉన్న పర్యవేక్షకుడు) ఆధ్వర్యంలో క్లయింట్లను చూసే శిక్షణ ఇందులో భాగం. లైట్నర్ విట్మర్ 1896లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మనోవైజ్ఞానిక క్లినిక్ తెరిచిన నాటి నుంచి ఈ రెండింటినీ కలిపే ప్రయత్నం జరుగుతూనే ఉంది. 1949లో అమెరికాలోని బౌల్డర్‌లో జరిగిన సమావేశం, క్లినికల్ సైకాలజిస్టు శాస్త్రవేత్తగానూ చికిత్సకుడిగానూ శిక్షణ పొందాలని నిర్ణయించింది. ఆ నిర్ణయం ప్రభావం నేటి పాఠ్యప్రణాళికలలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అయితే ఒక కోర్సు ఈ రెండు పాయలనూ నిజంగా కలిపిందా, లేక పక్కపక్కన పేర్చి వదిలేసిందా అన్నదాన్ని బట్టే దాని నాణ్యత తేలుతుంది.

ముందుగా గణాంకాల సంగతి చెప్పాలి, ఎందుకంటే చేరినవారిలో చాలామంది భయపడేది దానికే. మనుషుల బాధలు వినాలని వచ్చినవారికి రిగ్రెషన్ (ఒక అంశాన్ని బట్టి మరొకటి ఎలా మారుతుందో లెక్కించడం), కొలమానాల విశ్వసనీయత, ప్రభావ పరిమాణం (చికిత్స తెచ్చిన తేడా ఎంత పెద్దదో చెప్పే అంకె) వంటివి అనవసరమైన భారంగా అనిపించడం సహజం. నా విషయంలో మాత్రం కాలం గడిచేకొద్దీ ఈ భాగం విలువ పెరుగుతూ వచ్చింది. ఈ రంగంలో ప్రతి కొన్నేళ్లకూ ఒక కొత్త పద్ధతి గొప్ప హామీలతో ముందుకు వస్తుంది; దాన్ని నమ్మాలో లేదో తేల్చుకోవలసిన బాధ్యత చికిత్స చేసేవారిదే. 1952లో మనస్తత్వవేత్త హాన్స్ ఐసెంక్, న్యూరోసిస్ (ఆందోళన, కుంగుబాటు వంటి సమస్యలు) ఉన్నవారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది చికిత్స ఉన్నా లేకున్నా రెండేళ్లలో కోలుకుంటారని, కాబట్టి సైకోథెరపీ ఫలితమిస్తుందని చెప్పడానికి ఆధారం లేదని వాదించారు. 1977లో పరిశోధకులు మేరీ లీ స్మిత్, జీన్ గ్లాస్ 375 అధ్యయనాలను కలిపి లెక్కగట్టి, చికిత్స పొందిన సగటు వ్యక్తి చికిత్స పొందనివారిలో 75 శాతం మంది కంటే మెరుగైన స్థితిలో ఉన్నట్టు చూపారు. మా అధ్యాపకులు ఈ రెండు వ్యాసాలనూ పక్కపక్కన పెట్టి చదివించి, ఏ లెక్క ఎక్కడ బలహీనమో మమ్మల్నే వెతకమన్నారు. పోల్చిన బృందాలు ఒకే రకమైనవా, కోలుకోవడం అని దేనిని అన్నారు, చికిత్స మధ్యలో మానేసినవారిని ఏ గడిలో వేశారు అనే ప్రశ్నలు అప్పుడు అలవాటయ్యాయి. నేటికీ ఏ కొత్త అధ్యయనం చేతికొచ్చినా మొదట చూసేది మానేసినవారి సంఖ్యనే.

ఆ అలవాటు క్లయింట్లకు నేరుగా ఉపయోగపడుతుంది. ఘోర ప్రమాదం నుంచి బయటపడినవారిని వెంటనే కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పిస్తే తరువాతి మానసిక గాయాన్ని నివారించవచ్చని ఒకప్పుడు విస్తృతంగా నమ్మేవారు. వినడానికి ఎంతో సమంజసంగా ఉండే ఈ పద్ధతిని యాదృచ్ఛిక నియంత్రిత ప్రయోగాలలో (చీటీ వేసినట్టు మనుషులను బృందాలుగా పంచి పోల్చే ప్రయోగాలు) పరీక్షించినప్పుడు, ఆ ఒక్క సెషన్ వల్ల నివారణ జరగలేదని, కొన్ని అధ్యయనాలలో సెషన్ పొందినవారి పరిస్థితి పొందనివారి కంటే అధ్వానంగా ఉందని తేలింది. సానుభూతితో చేసిన పని కూడా హాని చేయగలదని అంకెల సాక్ష్యంతో తెలుసుకున్న విద్యార్థి, ఆ తరువాత గణాంకాల తరగతిని వేరే దృష్టితో చూస్తాడు. దురదృష్టవశాత్తు చాలా కోర్సులలో ఈ పాఠాన్ని చికిత్సతో సంబంధం లేని సాఫ్ట్‌వేర్ అభ్యాసంగా మార్చేస్తున్నారు. ఏ మీట నొక్కితే ఏ పట్టిక వస్తుందో నేర్పి ఊరుకుంటున్నారు. అలాంటి చోట చదివిన సహోద్యోగులు వృత్తిలోకి వచ్చాక వ్యాసాలు చదవడమే మానేయడం చూశాను.

కొలమానాల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. కుంగుబాటు తీవ్రతను అంచనా వేసే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలు, 0 నుంచి 27 వరకు స్కోరు. ఆందోళనకు వాడే జీఏడీ-7లో ఏడు ప్రశ్నలు, 0 నుంచి 21 వరకు స్కోరు. వీటిని వాడటం ఎవరైనా కొద్దిసేపట్లో నేర్చుకోవచ్చు. కోర్సు నేర్పవలసింది ఆ స్కోరుతో ఏం చేయాలన్నది. స్కోరు మూడు పాయింట్లు తగ్గితే అది నిజమైన మార్పా, కొలతలో సహజంగా ఉండే ఊగిసలాటా అని అడగడం, పీహెచ్‌క్యూలో చనిపోవాలనే ఆలోచన గురించిన తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాని జవాబు వస్తే మొత్తం స్కోరుతో నిమిత్తం లేకుండా అక్కడే ఆగి మాట్లాడటం, ఇవి తరగతిలో మళ్లీ మళ్లీ సాధన చేయవలసిన విషయాలు. 2005లో వెలువడిన ఒక అధ్యయనం నా మనసులో బలంగా నిలిచిపోయింది. అందులో 550 మంది క్లయింట్లలో ఎవరి పరిస్థితి దిగజారుతుందో ముందుగా చెప్పమని థెరపిస్టులను అడిగితే, వారు ముగ్గురి పేర్లే చెప్పారు. వాస్తవానికి 40 మంది పరిస్థితి దిగజారింది, చెప్పిన ముగ్గురిలో ఒక్కరి విషయంలోనే అంచనా నిజమైంది. చికిత్స బాగా సాగుతోందన్న థెరపిస్టు అభిప్రాయం ఒక్కటే చాలదని చెప్పడానికి ఇంతకంటే బలమైన ఉదాహరణ నాకు తెలియదు. ఈ పీజీ నుంచి నేను పొందిన అసలైన లాభం కూడా ఇదే అని భావిస్తున్నాను: నా పని గురించి నాకు కలిగే అభిప్రాయాన్ని బయటి సాక్ష్యంతో సరిచూసుకోవడం.

సిద్ధాంతాల పాఠాలు ఆసక్తికరమే, కానీ వాటికి కేటాయించే సమయం అవసరానికి మించి ఉందని నా అభిప్రాయం. ఏ శాఖను ఎవరు ఎప్పుడు స్థాపించారో కంఠస్థం చేయడం వల్ల క్లయింటుకు ఒరిగేదేమీ లేదు. మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో ప్రతిపాదించిన నమూనా, అంటే థెరపిస్టుకూ క్లయింటుకూ మధ్య అనుబంధం, లక్ష్యాలపై ఒప్పందం, చేయవలసిన పనులపై ఒప్పందం అనే మూడింటి కలయిక, ఏ శాఖవారికైనా పనికొస్తుంది. అలాగే 1996లో నీల్ జాకబ్‌సన్ బృందం కాగ్నిటివ్ థెరపీని భాగాలుగా విడదీసి పరీక్షించి, కుంగుబాటులో ఉన్నవారిని దినచర్యలోని పనుల వైపు మళ్లించే భాగం ఒక్కటే పూర్తి చికిత్సతో సమానమైన ఫలితమిచ్చిందని చూపింది. ఇటువంటివి రెండు మూడు లోతుగా చదివిస్తే చాలు, విద్యార్థి తన శాఖ పట్ల మూఢాభిమానం పెంచుకోడు.

ఇక ఈ చదువుకు గుండెకాయ వంటి సూపర్‌విజన్. క్లయింటు రాతపూర్వక అనుమతితో సెషన్‌ను రికార్డు చేసి, సూపర్‌వైజర్‌తో కలిసి వినడం దీనిలో ముఖ్యమైన పని. వ్యక్తి కేంద్రక చికిత్సకు ఆద్యుడైన కార్ల్ రోజర్స్ 1942లోనే ఒక చికిత్సను తొలి సెషన్ నుంచి చివరిదాకా రికార్డు చేసి, ఆ సంభాషణనంతా అచ్చులో పెట్టారు. మూసిన తలుపు వెనుక ఏం జరుగుతుందో వృత్తిలోని ఇతరులు విని ప్రశ్నించగలిగేలా చేసిన ఆ పనికి ఆయన సిద్ధాంతాలకు ఇచ్చినంత గౌరవమూ ఇవ్వాలని నేను అనుకుంటాను. నోట్సు చూసి చెప్పే కథనంలో విద్యార్థికి గుర్తున్నదే ఉంటుంది. రికార్డింగులో క్లయింటు గొంతు ఎక్కడ సన్నగిల్లిందో, ఆ క్షణంలో విద్యార్థి మౌనంగా ఉన్నాడో వెంటనే ఓదార్పు మాట అందుకున్నాడో, మొదట అనుకున్న ఎజెండా ఏ నిమిషంలో పక్కకు పోయిందో అంతా వినిపిస్తుంది.

మంచి సూపర్‌వైజర్ మొత్తం రికార్డింగును వినిపించరు. విద్యార్థికి తికమకగా అనిపించిన కొద్ది నిమిషాలను ఎంచుకుని, అక్కడ ఆపి, ఆ క్షణంలో నీ మనసులో ఏముంది, క్లయింటుకు ఏం కావాలి, ఇంకేం అనగలిగేవాడివి అని అడుగుతారు. ఆ ప్రత్యామ్నాయాన్ని అప్పటికప్పుడే అభినయించి చూపమంటారు. మా కోర్సులో కాగ్నిటివ్ థెరపీ నైపుణ్యాలను కొలిచే స్కేలును వాడేవారు. దాని సవరించిన రూపంలో 12 అంశాలు ఉంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 6 వరకు మార్కులు. ఎజెండా ఏర్పాటు, సమయ నిర్వహణ, ప్రశ్నల ద్వారా క్లయింటు తానే గ్రహించేలా చేయడం, ఇంటి దగ్గర చేయవలసిన పని ఇవ్వడం వంటివి అందులో ఉంటాయి. అదే రికార్డింగుకు విద్యార్థి విడిగా, సూపర్‌వైజర్ విడిగా మార్కులు వేసి, తేడా వచ్చిన చోట చర్చించడం నేను చూసిన బోధనా పద్ధతులన్నిటిలో అత్యంత ఫలవంతమైనది. ఆ చర్చల్లో వినయం, ఆత్మవిశ్వాసం రెండూ పెరుగుతాయి, ఎందుకంటే విద్యార్థి తక్కువ వేసుకున్న చోట సూపర్‌వైజర్ ఎక్కువ వేయడమూ తరచుగా జరుగుతుంది. ఇప్పటికీ నేను సూపర్‌విజన్‌లో ఉన్నాను, ఇప్పటికీ రికార్డింగులు వింటాను. చదువు పూర్తయినా ఆగని భాగం ఇదొక్కటే.

దీనికి కావలసిన సమయాన్ని అందరూ ఇవ్వరు. నేను శిక్షణ పొందిన ఒక చోట సూపర్‌విజన్ బృందంలో విద్యార్థులు మరీ ఎక్కువగా ఉండేవారు. తన వంతు వచ్చేసరికి రికార్డింగు వినే వ్యవధి మిగలక, క్లయింటు గురించి నాలుగు మాటలు చెప్పి సరిపెట్టుకోవలసి వచ్చేది. దానివల్ల నష్టపోయేది విద్యార్థి మాత్రమే కాదు, ఆ వారం అతని ఎదుట కూర్చోబోయే వ్యక్తి కూడా. అందుకే ఈ లోపాన్ని చిన్నదిగా చూడలేను.

డిసర్టేషన్ (కోర్సు చివర రాసే పరిశోధనా వ్యాసం) గురించి చెప్పవలసింది తక్కువ. తాను చూసే క్లయింట్ల సమస్యకు దగ్గరగా ఉన్న అంశాన్ని ఎంచుకుంటే అది ఏడాది పొడవునా తోడుంటుంది. గైడు ఆసక్తి కోసం ఎంచుకుంటే పట్టాతోనే ముగిసిపోతుంది. ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవారి క్షేమాన్ని పరిశీలించే కమిటీ) అనుమతికి పట్టే కాలాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

మానసికంగా ఈ చదువు ఇచ్చే అలసటను మాత్రం తక్కువ అంచనా వేయకూడదు. హింస, వియోగం, ఆత్మహత్య ఆలోచనలు వారం వారం వింటూ, అదే సాయంత్రం గణాంకాల అసైన్‌మెంటు రాయడం తేలిక కాదు. విద్యార్థి కూడా థెరపీ తీసుకోవాలని కొన్ని కోర్సులు నిబంధన పెడతాయి, కొన్ని పెట్టవు. నిబంధన లేకపోయినా తీసుకోవాలన్నది నా సలహా. క్లయింటు కుర్చీలో కూర్చుని ఒక ప్రశ్నకు జవాబు వెతుక్కున్నవారికి, ఆ ప్రశ్న అడిగే వేగాన్ని తగ్గించుకోవాలని ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

మరో ముఖ్యమైన విషయం, పట్టా వేరు, చికిత్స చేసే అర్హత వేరు. ఈ పీజీతో మందులు రాసే అధికారం రాదు, అది సైకియాట్రిస్టుల వంటి వైద్యులది. అనేక దేశాలలో ఈ పట్టా ఒక్కదానితో క్లినికల్ సైకాలజిస్టుగా నమోదు కావడమూ సాధ్యం కాదు. ఆపై మరింత శిక్షణ, నమోదు సంస్థ గుర్తింపు కావాలి. బ్రోషర్లలో ఈ సంగతి చిన్న అక్షరాలలో ఉంటుంది. పూర్తిగా దూరవిద్యలో, క్లయింట్లు లేకుండా సాగే కోర్సులు జ్ఞానం కోసం చదివేవారికి మేలైనవే కానీ, వాటితో థెరపిస్టు కావాలనుకునేవారికి నేను సిఫారసు చేయను.

మొత్తం మీద, పరిశోధననూ చికిత్సనూ నిజంగా కలిపి నేర్పే చోట దొరికితే ఈ చదువును మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. చేరేముందు అధ్యాపకుల జాబితా కంటే ముందుగా ప్రస్తుత విద్యార్థులతో మాట్లాడండి. ఒక్కో సూపర్‌వైజర్ కింద ఎందరున్నారో, రికార్డింగులు వింటారో నోట్సు మాత్రమే చూస్తారో, ప్లేస్‌మెంట్ (శిక్షణలో క్లయింట్లను చూసే చోటు) కోర్సువారే చూపుతారో విద్యార్థే వెతుక్కోవాలో అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా, క్లయింటు తన ప్రాణానికి ముప్పు ఉందనిపించే మాట చెప్పినప్పుడు విద్యార్థి ఆ సెషన్ ముగిసేలోగా ఎవరిని సంప్రదించాలో అడగండి. ఆ ప్రశ్నకు ఒక నిర్దిష్టమైన వ్యక్తినీ ఫోన్ నంబరునూ తడుముకోకుండా చెప్పగలిగిన కోర్సులోనే ఫీజు కట్టండి.