2009 ఆల్టో ఎల్ఎక్స్ఐ: ఎనిమిదేళ్లు వాడాక

పాత కారు కొనాలనుకునేవాళ్లు ముందు మోడల్ అడుగుతారు, తర్వాత ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అడుగుతారు, ఆ పైన బేరం మొదలుపెడతారు. నన్నడిగితే వీటన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఇంటికి దగ్గర్లో మంచి మెకానిక్ షెడ్డు ఉందా లేదా అని. అది ఉంటే పదిహేనేళ్ల బండి కూడా ఇబ్బంది పెట్టదు. లేకపోతే ఐదేళ్ల బండి కూడా ఏడిపిస్తుంది.

మాది తెనాలి. బడిలో పిల్లలకు లెక్కలు చెబుతాను. 2017లో తెలిసినవాళ్ల దగ్గర 2009 మోడల్ మారుతి ఆల్టో ఎల్ఎక్స్ఐ కొన్నాను. నేను రెండో ఓనర్ని. అప్పటిదాకా మా ఇంటికంతా ఒక్క బైకే. నాన్నకి మోకాళ్ల నొప్పులు. గుంటూరు ఆసుపత్రికి బైకు మీద తీసుకెళ్లలేను, వెళ్లిన ప్రతిసారీ కారు మాట్లాడుకుంటే జీతం దానికే సరిపోయేలా ఉంది. కొత్త కారు కొని నెలనెలా ఈఎంఐ కట్టే ఓపిక నాకు లేదు. ఎవరి దగ్గర చూసినా అదే ఆల్టో కనబడేది కాబట్టి విడిభాగాలకు లోటుండదని దాన్నే తీసుకున్నాను. ఆ లెక్క తప్పలేదు.

బండి సంగతి చెబుతాను. 796 సీసీ, మూడు సిలిండర్లు, 47 హార్స్‌పవర్. వినడానికి తక్కువే. కానీ బండి బరువు ఏడొందల యాభై కిలోల లోపే కాబట్టి ఇద్దరు ఎక్కితే ఊళ్లో పికప్‌కి లోటేం లేదు. మూడు సిలిండర్ల ఇంజన్ కదా, ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ సన్నగా వణుకుతుంది. మొదట్లో ఏదో తేడా ఉందనుకున్నాను గానీ దాని తీరే అంత. ఎల్ఎక్స్ఐలో పవర్ స్టీరింగ్ ఉంది. పాత ఆల్టోనే కొనేటట్లయితే అది లేని ఎల్ఎక్స్ జోలికి వెళ్లొద్దని నా సలహా, ముఖ్యంగా ఇంట్లో ఆడవాళ్లు, పెద్దవాళ్లు కూడా నడిపేటట్లయితే.

దీని అసలు సుఖం సందుల్లో తెలుస్తుంది. పొడవు మూడున్నర మీటర్లు. సాయంత్రం పూట గాంధీ చౌక్, బోసు రోడ్డు వైపు పెద్ద కార్లవాళ్లు పార్కింగ్ కోసం తిరుగుతూ ఉంటే నేను రెండు ఆటోల మధ్య ఉన్న జాగాలో పెట్టేసి కూరగాయలు కొనుక్కుని వచ్చేస్తాను. ఎవడో స్కూటర్ వాడు రాసుకుపోయినా గుండె దడదడలాడదు. కొత్త కారు కొన్న మా తోడల్లుడు గీత పడుతుందని పెళ్లిళ్లకు కూడా ఆటోలో వస్తున్నాడు, అది వేరే సంగతి.

డిక్కీ చిన్నది. పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు, రెండు సంచులు పెడితే నిండిపోతుంది. వెనక సీటు మడిస్తే మాత్రం ఆశ్చర్యపోయేంత సామాను పడుతుంది.

హైవే మీద దీని హద్దు తెలుసుకుని నడపాలి. ఎనభై దాకా హాయిగా పోతుంది. ఆ పైన శబ్దం ఎక్కువ, పక్కనుంచి లారీ దూసుకెళ్తే బండి ఊగుతుంది. టైర్లు పన్నెండు అంగుళాల రిమ్ములవి. గుంటలో పడితే ఆ దెబ్బ నేరుగా నడుముకే తగులుతుంది. నలుగురు ఎక్కి ఏసీ వేస్తే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గేరు దించాల్సిందే. తిరుమల ఘాట్ మీద ఏసీ కట్టేసి, అద్దాలు దించి, రెండో గేరులో నిదానంగా ఎక్కాం. వెనక సీట్లో అమ్మ గోవింద నామాలు చదువుతోంది, నేను టెంపరేచర్ ముల్లు చూసుకుంటున్నాను. ఇంజన్ వేడెక్కలేదు.

భద్రత విషయంలో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. నా బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. 2019 నుంచి వచ్చే కొత్త కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ తప్పనిసరి చేశారు. ఇది అంతకు పదేళ్ల ముందుది. రేకు పల్చన. అందుకే రాత్రిపూట హైవే ఎక్కను. హైదరాబాద్ వెళ్లాలంటే రైలే. ఊరూ, చుట్టుపక్కల యాభై కిలోమీటర్లూ తిరిగేవాళ్లకి ఇది సరైన బండి. నెలకోసారి దూరప్రయాణాలు చేసేవాళ్లు దీని జోలికి రాకపోవడమే మంచిది.

ఇక షెడ్డు. మా వీధి చివర మెకానిక్‌ని బాబాయ్ అంటాను. ఓ రోజు ఆయిల్ మార్చడానికి తీసుకెళ్తే, "మాస్టారూ, టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారు?" అన్నాడు. పాత ఓనర్ మార్చాడో లేదో నాకు తెలియదన్నాను. కవర్ విప్పి బెల్టు వేలితో మడిచి చూపించాడు. పళ్ల మధ్య సన్నటి పగుళ్లు. "ఇది తెగితే ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది. దుగ్గిరాల దాటాక పొలాల మధ్యలో ఆగిందనుకోండి, నాన్నగారితో ఏం చేస్తారు?" అన్నాడు. ఆ పూటే మార్పించాను. పాత బండి కొన్నవాళ్లు చెప్పిన కిలోమీటర్లు నమ్ముకోకుండా బెల్టు, కూలెంట్, బ్రేక్ ఆయిల్, గేర్ ఆయిల్ మొదటి నెలలోనే మార్చేసుకోవాలి.

క్లచ్ ప్లేట్లు, సైలెన్సర్, సస్పెన్షన్ బుష్‌లు, బ్యాటరీ ఒక్కొక్కటిగా మారుస్తూ వచ్చాను. వయసుకు రావాల్సినవే అవన్నీ. పొద్దున బండి ఇస్తే సాయంత్రానికి చేతికొస్తుంది, ఎందుకంటే దీని విడిభాగం దొరకని ఊరు లేదు. నాకు ఎక్కువ ఖర్చు పెట్టించింది బండి కాదు, ఎలుకలు. వర్షాకాలంలో నాలుగు రోజులు తీయకుండా ఉంచితే బానెట్ కింద వైర్లు కొరికేశాయి. సెల్ఫ్ తిరుగుతుంది గానీ స్టార్ట్ కాదు. నాఫ్తలీన్ ఉండలు కట్టాం, పొగాకు పెట్టాం, అవి లెక్కచేయలేదు. రోజూ ఒకసారి తీసి తిప్పడం, రాత్రి బానెట్ తెరిచిపెట్టడం, ఈ రెండే పనిచేశాయి.

మైలేజ్ ఊళ్లో ఏసీతో పద్నాలుగు, పదిహేను. బయట పద్దెనిమిది దాకా ఇస్తుంది. బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తున్నప్పటి నుంచి ఒకటి తగ్గినట్టే ఉంది. ఇంత పాత బండ్లు ఆ పెట్రోలు కోసం తయారుచేసినవి కావు కాబట్టి పెట్రోలు పైపులు ఒకసారి మార్పించి నిశ్చింతగా ఉన్నాను.

కాగితాల పని 2024లో వచ్చింది. పదిహేనేళ్లు నిండగానే సీ బుక్, అంటే బండి రిజిస్ట్రేషన్, రెన్యువల్ చేయించుకోవాలి. ఒకప్పుడు 600 ఉన్న ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయ్యింది. పాత బండ్లకు వేసే గ్రీన్ టాక్స్ వేరే. గడువు దాటితే నెలకు 500 చొప్పున అదనం. స్లాట్ తీసుకుని ఆర్టీఓ ఆఫీసుకు బండి తీసుకెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చాసిస్ నెంబరు, లైట్లు, హారన్, బ్రేకులు చూశాడు. ముందే హెడ్‌లైట్లు పాలిష్ పెట్టించి, రంగు పోయిన చోట టింకరింగ్ చేయించి ఉంచాను కాబట్టి ఒక్క పూటలో అయిపోయింది. ఐదేళ్లకు రెన్యువల్ ఇచ్చారు. ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ ఒక్కటే, అంటే ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి మాత్రమే, కడుతున్నాను. వెయ్యి సీసీ లోపు కార్లకు 2022 జూన్‌లో పెట్టిన రేటు 2,094, పైన జీఎస్టీ. ఈ వయసు బండికి ఫుల్ ఇన్సూరెన్స్ కట్టినా దాని విలువ ఎంతని వేస్తారు?

కొనబోయేవాళ్లు బండిని పొద్దున్నే వెళ్లి చూడండి, వస్తున్నట్టు ముందు చెప్పొద్దు. అమ్మేవాళ్లు ఇంజన్ వేడిచేసి ఉంచితే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవుతుందో లేదో తెలియదు. ఆయిల్ మూత తీసి లోపల తెల్లటి నురగ ఉందేమో చూడండి. ఉంటే ఆయిల్లోకి నీళ్లు చేరుతుండొచ్చు. మన వైపు వరదలొచ్చిన ఊళ్ల బండ్లు కూడా అమ్మకానికి వస్తుంటాయి, సీట్లు జరిగే పట్టాల కింద వేలు పెట్టి చూస్తే ఎండిన బురద తగులుతుంది. మెకానిక్‌కి ఐదొందలిచ్చి వెంట తీసుకెళ్లడం దండగ కాదు.

నా బండికి మళ్లీ రెన్యువల్ 2029లో. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు 2025 ఆగస్టులో 10,000కి పెంచారు. దానికి తోడు టైర్లు, టింకరింగ్ కలిపితే అప్పటికి బండి రేటుకి దగ్గరవుతుంది. ఇంజన్ ఇలాగే ఉంటే కట్టేస్తాను. గేర్ బాక్స్ మోత మొదలైతే మాత్రం అమ్మేస్తాను.